పూజ కాని బండి

ఆ రోజుల్లో మా వైపు ఎత్తు అనే మాటకి పెద్దగా పని ఉండేది కాదు. ఏలూరులో బయల్దేరి తాడేపల్లిగూడెం దాకా వెళ్లినా రైలు వంతెనలు తప్ప ఎక్కాల్సిందేమీ తగలదు. కొల్లేటి వైపు దిగితే చేపల చెరువుల గట్లే మాకు పర్వతాలు. అలాంటి చదును నేల మీద, డిగ్రీ అత్తెసరు మార్కులతో పాసయ్యి, నేను వెలగబెట్టిన మొదటి ఉద్యోగం కరెంటు బళ్లు అమ్మడం. రెండు వేల ఎనిమిది ప్రాంతం అనుకుంటాను. పెట్రోలు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అని షోరూమ్‌లో ఇచ్చిన కాగితాన్ని నేను ఎక్కాల పుస్తకంలా బట్టీ పట్టాను. బండికి ఏమేం అక్కర్లేదో అందులో వివరంగా రాశారు గానీ, బండి వల్ల ఏది కాదో మాత్రం ఎక్కడా రాయలేదు మహానుభావులు!

మా ప్రొప్రైటరు గారు బహు మర్యాదస్తుడు. ఉద్యోగం ఊడబెరికేటప్పుడు కూడా టీ తెప్పించే రకం. "చూడు బాబూ, ఈ నెలాఖరుకి నువ్వు ఒక్క బండైనా అమ్మాలి. అమ్మలేకపోతే వచ్చే నెల నుంచి రానక్కర్లేదు. ఏమీ అనుకోకు, టీ చల్లారిపోతోంది, తాగు" అన్నారు. అప్పటికి నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. ఇంటి దగ్గర మా అమ్మేమో 'మావాడు షోరూమ్‌లో ఆఫీసరండీ' అని వీధి వీధంతా చెప్పేసుకుంది. ఏం చెయ్యను? బస్సెక్కి మా మావయ్య దగ్గరికి పోయాను.

మావయ్యంటే మా అమ్మకి స్వయానా అన్నగారు. కొల్లేటి ఒడ్డున రెండు చేపల చెరువులున్నాయి. అప్పటికే ఆయనకి యాభై అయిదేళ్లు దాటాయి. చేపల మేత బస్తా వెనక కట్టుకుని గట్ల మీద ముప్ఫయ్యేళ్లుగా సైకిలు తొక్కడంతో ఆయన పిక్కలు రాళ్లలా ఉండేవి. నా కాగితమంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అంతా బానే ఉంది గానీ అల్లుడూ, గట్టు ఎక్కుద్దంట్రా అది?" అన్నాడు. అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. "గట్టేంటి మావయ్యా, కొండైనా ఎక్కేస్తుంది!" అన్నాను. (ఆ బండి అప్పటిదాకా షోరూమ్ ముందున్న మూడు మెట్ల పక్క వాలు కూడా ఎక్కి ఎరగదు.)

"అయితే ఇంకేం, రేపు చిన్న తిరుపతి కొండెక్కిచ్చి పూజ చేయిద్దాం. పూజయిందా, బండి నాది" అన్నాడు మావయ్య. మా వైపు కొత్త బండి వస్తే ముందు చిన్న తిరుపతి, అదే ద్వారకా తిరుమల తీసుకెళ్లి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే ఇంటికి తెస్తారు. చుట్టుపక్కల ఉన్నది ఆ ఒక్క కొండే, కొత్త బండి మొదట ఎక్కాల్సిందీ ఆ కొండే! ఇంత చిన్న విషయం బళ్లు తయారుచేసినవాళ్లకి తెలియకపోతే పోయె, ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ని, నాకు తట్టొద్దూ? (చర్చికి వెళ్లే కుటుంబాల్లో అయితే పాస్టరు గారే ఇంటికొచ్చి గేటు దగ్గర ప్రార్థన చేసి వెళతారు. ముందు వాళ్ల వీధుల్లో తిరగాల్సిందన్న జ్ఞానం నాకు చాలా ఆలస్యంగా కలిగింది.)

మర్నాడు పొద్దున్నే ఏలూరు నుంచి బండి నడుపుకుంటూ, దెందులూరు మీదుగా, భీమడోలు స్టేషన్ దగ్గరికి చేరాను. మావయ్య అప్పటికే సైకిలుతో సిద్ధం. హ్యాండిల్‌కి ఒక సంచీ, అందులో కొబ్బరికాయ, నిమ్మకాయలు, బంతిపూల దండ. "వెనకాల కూర్చోండి మావయ్యా" అంటే, "పూజ కాని బండి నేనెక్కనురా. నువ్వు షోరూమువోడివి, నీకు ఫరవాలేదు" అని సైకిలెక్కాడు. నా బండి ఎంత మెలితిప్పినా పాతిక దాటదు. ఆయన పక్కనే తాపీగా తొక్కుతూ దారి పొడుగునా చెరువు సంగతులు, అత్తయ్య మోకాళ్ల సంగతులు చెబుతూనే ఉన్నాడు. పైగా మధ్యమధ్య "నిదానంగా రా, మనకేం తొందర" అని నాకు ధైర్యం! ఒళ్లు మండిపోయింది.

కొండ మొదట్లో బాగానే ఎక్కింది. మలుపు దగ్గరికొచ్చేసరికి 'జుయ్యి'మనే చప్పుడు మూలుగైంది, మూలుగు కాస్తా ఆగిపోయింది, ఎర్ర దీపం వెలిగింది. ఆ బండికి మొక్కుబడిగా రెండు పెడల్స్ ఉండేవి. అమ్మేటప్పుడు 'అవి అవసరం పడవండీ' అని చెప్పేవాణ్ని. ఇప్పుడు వాటి మీద నిలబడి, బ్యాటరీల బరువంతా నా రెండు మోకాళ్ల మీద వేసుకుని తొక్కాను. బండి వెనక్కి జారింది. మావయ్య మాత్రం సీటు మీంచి లేచి నిలబడి, నాలుగు తొక్కుళ్లలో నన్ను దాటిపోయాడు. పోతూ పోతూ బెల్లు కూడా కొట్టాడు.

పైన సైకిలు పెట్టి నడిచి దిగొచ్చాడు. "ఏంట్రా అల్లుడూ, ఛార్జింగు అయిపోయిందా?" అన్నాడు. "బండిక్కాదు, నీకు."

అంతే, నాకు తిక్క రేగింది. "మీకు నవ్వులాటగా ఉందా? ఇది అమ్ముడుపోకపోతే నా ఉద్యోగం ఊడుతుంది! అమ్మకేం చెప్పను?" అని నడిరోడ్డు మీద అరిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. మావయ్య నవ్వు ఆగిపోయింది.

"ఆ మాట నిన్న చెప్పలేదేం?"

"చెబితే జాలిపడి కొంటారని."

"మరిప్పుడు చెప్పావేం?"

"జాలిపడి కొంటారని!"

ఆయన చక్రం కింద రాయి పెట్టి, "పద, ముందు దణ్ణం పెట్టుకుందాం" అన్నాడు. తోసుకెళదాం అన్నాను. "తోసుకెళ్లినదానికి పూజేంట్రా? తనంతట తను ఎక్కాల" అన్నాడు. పైన పూజారి గారు "ఏ బండికండీ?" అని అడిగితే మావయ్య ఒక్క క్షణం ఆలోచించి తన సైకిలు చూపించాడు. "కొత్తదాండీ?" అన్నారాయన, తుప్పు పట్టిన మడ్‌గార్డు వంక చూస్తూ. "ముప్ఫయ్యేళ్లదండి. పాపం దీనికెప్పుడూ పూజ చేయించలేదండి" అన్నాడు మావయ్య. సైకిలుకి దండ పడింది, బొట్టు పెట్టారు. నిమ్మకాయల మీంచి తొక్కుకుంటూ ఆయన వెళుతుంటే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మర్నాడు షోరూమ్‌కొచ్చి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, అదే బండి కొన్నాడు. ప్రొప్రైటరు గారు ఇద్దరికీ టీ తెప్పించారు. నా ఉద్యోగం నిలబడింది. కానీ మావయ్య ఆ బండి ఒక్క రోజూ ఎక్కలేదు. "పూజ కాలేదుగా" అనేవాడు. ట్రక్కులో కొండ మీదికి వేసుకెళదామంటే "స్వామిని మోసం చేత్తావా?" అనేవాడు. దాన్ని పాకలో పెట్టి, గోనెపట్టా కప్పి, వారం వారం క్రమం తప్పకుండా ఛార్జింగు మాత్రం పెట్టేవాడు. "ఎక్కనిదానికి ఛార్జింగెందుకు మావయ్యా!" అని నేను జుట్టు పీక్కుంటే, "నువ్వు అమ్మిన బండి కదరా, పాడవనిత్తానా?" అనేవాడు. ఏడాది తిరిగేసరికి షోరూమే మూతపడింది. బండి మాత్రం ఆ పాకలో నిక్షేపంగా ఉండేది.

మావయ్య పోయాక ఆ సైకిలు అత్తయ్య నాకిచ్చింది. మొన్న మా ఆవిడ ఉద్యోగానికి కరెంటు స్కూటరు కొన్నాం. కొండకి బయల్దేరదీస్తే, పూజ కాని బండి కదా అని నేను దాని వెనక కూర్చోనన్నాను. "ఈ పట్టింపు మీ మావయ్యతోనే పోయిందనుకున్నానండీ" అంది మా ఆవిడ. భీమడోలు దాకా సైకిలు ఆటోలో వేయించాను (ఆ సంగతి ఆయన వినకపోతే బాగుణ్ను). అక్కణ్నుంచి తొక్కాను. సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఊపిరి అందక, కాలు కింద పెట్టేశాను. స్కూటరు చప్పుడు లేకుండా వచ్చి నా పక్కన ఆగింది.

"ఏవండీ, ఛార్జింగు అయిపోయిందా?" అంది.

నేనెప్పుడో చెప్పిన మావయ్య మాటే నాకు అప్పజెప్పింది. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ దానికీ ఊపిరి చాలలేదు. "నువ్వు పద, తనంతట తను ఎక్కేది ముందు వెళ్లాలి" అని ఆమెను పంపించి, మావయ్య సైకిలు తోసుకుంటూ కొండెక్కాను. తోసుకెళ్లినదానికి పూజ ఉండదని తెలుసు. దానికి ఆ పూజ ఎప్పుడో అయిపోయింది.