దురద లేని మనిషి

బాపయ్యకు దురద లేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని రాజ్యలక్ష్మి ఇంటిల్లిపాదినీ తప్పుదారి పట్టించింది.

వాళ్ళది పొరుగు రాష్ట్రంలో తుర్విహాళ దగ్గర ఒక క్యాంపు. కాలవ వచ్చిన కొత్తలో గుంటూరు వైపు నుంచి తరలివచ్చిన కుటుంబాలు అక్కడుంటాయి. బాపయ్య గట్టు మీద నించుని వేలు చూపించే రైతు కాదు. నలభై ఏళ్ళు చొక్కా లేకుండా ఎండలో వరి పండించాడు. ఆరేళ్ళ కిందట ఆయన కిడ్నీలు రెండూ చెడిపోతే రాజ్యలక్ష్మి తనదొకటి ఇచ్చింది. అప్పట్నుంచీ రోజూ బిళ్ళలు మింగాలి. కొత్త కిడ్నీని పరాయిదనుకుని ఒళ్ళు తరిమెయ్యకుండా, ఒంటి కాపలాను ఆ బిళ్ళలు నిద్రపుచ్చుతాయి. "మా ఆవిడ సొత్తు కడుపులో పెట్టుకు తిరుగుతున్నా, ఎదురు మాట్లాడితే వెనక్కి లాక్కుంటుంది" అని బాపయ్య క్యాంపంతా పరాచికాలాడేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా రాజ్యలక్ష్మికి తనివి తీరేది కాదు. ఇచ్చిన మనిషికి ఆ మాత్రం గర్వం ఉండదా మరి!

పోయినేడు నాట్ల కాలంలో ఇంట్లో గజ్జి లేచింది. కొడుకు తేజ, కోడలు లహరి రాత్రీ పగలూ గోక్కున్నారు. రాజ్యలక్ష్మికి వేళ్ళ సందులు పుండ్లు పడ్డాయి. బాపయ్య చేతుల మీద మాత్రం మందంగా చెక్కులు కట్టాయి, పొలుసులు రాలాయి, అయినా ఆయన ఒక్కసారి కూడా గోక్కోలేదు.

"నాకేం దురద లేదే. మందుల వేడి, అంతే" అన్నాడు.

దురద లేకపోతే గజ్జి లేనట్టే అనుకుంది ఆవిడ. అంటుకుంటే తట్టుకోలేడని ఆయనకు వేరే గది, వేరే కంచం పెట్టింది. ఆ చెక్కులకు రెండు పూటలా కొబ్బరినూనె రాసింది. మరి గజ్జి తెచ్చిందెవరు? నాట్ల మొదటి రోజు కూలీలకు వసారాలో ఆకులేసి అన్నం పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ రోజు ముఠా పెద్ద బసమ్మ వేళ్ళు గోక్కుంటూ కనిపించింది. ఇంకేం, దొంగ దొరికింది! ఇరవై ఏళ్ళుగా ఆ పొలంలో నాటు వేసిన మనిషిని మర్నాడు వాకిట్లోనే ఆపి, "ఇంక మీరు రావద్దులే బసమ్మా" అనేసింది. బసమ్మ ముఠాతో పక్క క్యాంపుకు పోయింది.

నాలుగు నెలలకు బాపయ్య ఎడమ చేతి మీద చెక్కు పగిలి నెత్తురొచ్చింది. సింధనూరులో చర్మం డాక్టరు హేమశ్రీ పొలుసు గీకి భూతద్దం కింద చూసింది.

"ఇంట్లో అందరికన్నా గజ్జి మీకే ఎక్కువండీ. అందరికీ మీ నుంచే పాకింది. వాళ్ళ ఒళ్ళు పురుగుతో పోట్లాడింది కాబట్టి దురద పుట్టింది. మీ ఒళ్ళు పోట్లాడలేదు."

మందుకు చెక్కులన్నీ రాలాయి. వాటి అడుగున ఉన్న ఒక పుండు మాత్రం మానలేదు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. చంకలో గడ్డ కూడా తేలింది.

"గజ్జి ముదిరి క్యాన్సరైందా అమ్మా?" అని అడిగింది రాజ్యలక్ష్మి.

"అలా చెప్పలేనమ్మా. ఏళ్ళ తరబడి ఎండకు మాడిన చర్మం, కాపలా లేని ఒళ్ళు. అవి చాలు. చెక్కులు దాన్ని మన కంటబడనివ్వలేదు."

నాలుగు నెలలు ఆ పుండు మీదే తను నూనె రాసిందని రాజ్యలక్ష్మికి అప్పుడు తెలిసింది.

గజ్జి మందు పట్టుకుని బసమ్మ ఇంటికి వెళ్ళింది. "మా నుంచే అంటింది మీకు. తప్పు నాదే" అంది.

"నాట్లకు నెల ముందు, నారు పోసిన దినం మీ ఆయన గొంగడి మీదనే కూసొని బువ్వ తింటిమి గదమ్మా" అంది బసమ్మ. "నా వేళ్ళు చూస్తివి. మీ ఇంట్ల మనిషిని చూసుకోకపోతివి."

తిట్టినా బాగుండేది.

హైదరాబాదులో పెద్ద డాక్టరు చేతి మీది పుండు కోసేసి, చంకలో గడ్డ తీసేశాడు. తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ బిళ్ళలు అలాగే మింగితే ఒంటి కాపలా లేవదు, క్యాన్సర్ మళ్ళీ పుట్టొచ్చు. తగ్గిస్తే కాపలా లేస్తుంది, కిడ్నీ మీద పడి దాన్ని పాడుచెయ్యొచ్చు.

"అది ఆవిడది. ఆవిణ్ణే అడగండి" అన్నాడు బాపయ్య తల దించుకుని.

రాజ్యలక్ష్మి ఎక్కువ సేపు ఆలోచించలేదు. "తగ్గించెయ్యండి. అది పోతే పోయింది, నా దగ్గర ఇంకోటుందిగా!"

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "అలా కుదరదమ్మా. అది మీరు బతకడానికి."

"మరింకేం ఇవ్వనండీ ఈయనకి?"

డాక్టరు బిళ్ళలు తగ్గించడానికి ఒప్పుకోలు కాగితం తీశాడు. దాన్ని ఆవిడ వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.