సారపప్పు, సోంబరు బొటనవేలు

తిరగలి పైరాయి సోంబరు కుడికాలి బొటనవేలి మీద పడింది. రాయికి ఏమీ కాలేదు.

చిట్టెమ్మ అప్పుడు ఇంట్లో లేదు, ఊటకు నీళ్లకు వెళ్లింది. పెళ్లాం వచ్చేలోగా సారగింజలు విసిరి పెడదామని మంచి బుద్ధి పుట్టి, సోంబరు పైరాయి ఎత్తాడు. నడిమి మేకు చుట్టూ సైకిలు ట్యూబు ముక్క ఒకటి కనిపించింది. తిరగలికి ట్యూబేమిటని దాన్ని పీకి పారేశాడు. ఆ పారెయ్యడంలోనే చెయ్యి జారింది. పెళ్లైన కొత్తలో అదే తిరగలిని అత్తారింటి నుంచి రెండు కొండలు దాటించి మోసుకొచ్చినవాడు అతనే. అప్పుడు ఎక్కడా జారలేదు.

అనంతగిరి వైపు కొండవాలులో చిట్టెమ్మ సారపప్పుకు పేరుంది. ఆ పేరు చెట్టు దగ్గరే మొదలవుతుంది. కాయ నల్లబడేదాకా ఆమె కొమ్మ ముట్టదు. పచ్చికాయ దూసేస్తే లోపల పప్పు ఉండదు, పెంకే ఉంటుంది. ఎలుగుబంటి కన్నా ముందు వెళ్లాలి, చీమలు కమ్మేలోగా దిగాలి. తెచ్చిన పళ్లను నానేసి, గోనె మీద రుద్ది, గుజ్జు పోగొట్టి గింజలను ఎండబెట్టాలి. ఆపైన తిరగలి. రాళ్ల మధ్య ఆ ట్యూబు మందాన సందు ఉంటే పెంకు పగులుతుంది, పప్పు మిగులుతుంది. సందు లేకపోతే రెండూ కలిసి పోతాయి. వాళ్లమ్మ గుడ్డపేలిక చుట్టేది. ట్యూబు చిట్టెమ్మ తెలివి. ఇంత చేసినా బుట్టెడు గింజలకు దోసెడు పప్పు వస్తే గొప్ప.

ఆమె బిందెతో వచ్చేసరికి సోంబరు వేలికి పసుపుగుడ్డ కట్టుకుని, తిరగలి ముందు గర్వంగా కూర్చున్నాడు. చుట్టూ కోళ్లు చేరాయి.

“సూసినావా? సోళ్లు ఇసిరినట్టు మెత్తగా ఇసిరీసినాను.”

చిట్టెమ్మ వేలితో తీసి చూసింది. రాగులైతే పిండయ్యేవి. ఇది నూనె ముద్ద, అందులో పెంకు నలుసులు.

“ఏటి మావా, సారపప్పుతో అంబలి కాత్తావేటి?”

వేలు సలుపుతోందని అతను సగంలో ఆపాడు. ఆ సలుపే లేకపోతే వేసంగి కష్టమంతా కోళ్లపాలయ్యేది.

చిట్టెమ్మ బెంగ వేరు. మైదానం నుంచి అరకు సంతకు వచ్చే మిఠాయి కొట్టు సర్వేశ్వరరావు ఏటా ఆమె పప్పంతా తానే కొంటాడు. కిందటేడు ఆయన మిఠాయిలో ఒక పెంకు వచ్చి, ఎవరిదో కట్టుడుపన్ను కదిలింది. ఇంకొక్క పెంకు దొరికితే వేరేవాళ్ల దగ్గర కొనుక్కుంటానని చెప్పేశాడు.

“అడుగున ఇది ఏసి, పైన మంచిది పోసీ. ఎవుడికి తెలుత్తాది?” అన్నాడు సోంబరు.

“పన్నుకి తెలుత్తాది.”

ట్యూబు ముక్కను పెంటలో వెతికి, కడిగి, మళ్లీ మేకుకు తొడిగింది. మిగిలిన గింజలు తానే విసిరి, చేటలో చెరిగింది. పెంకులు ఏరే పని సోంబరుకు అప్పజెప్పింది. కాలు కదిపే పని కాదు కనక, తప్పించుకోవడానికి బొటనవేలు కూడా అతనికి అక్కరకు రాలేదు.

సంతలో సర్వేశ్వరరావు గుప్పెడు పప్పు నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. చిట్టెమ్మ ఆయన దవడ వైపే చూస్తూ నిలబడింది. పెంకులు ఏరిన సోంబరూ అటే చూశాడు. ఎక్కడా టక్కుమనలేదు. ఆయన తృప్తిగా సంచీ తెరిచాడు. ధర వినగానే మళ్లీ మడిచాడు.

“ఇదేటి చిట్టెమ్మా, జీడిపప్పుని మించిపోనాది! కొండ మీద ఊరికే కాసే కాయకి ఇంత ధరేటి?”

“అయితే గింజలే పట్టికెళ్లండి బాబూ, సవగ్గా ఇత్తాను, ఇసరడానికి మా మావని కూడా తోలుతాను.”