సుజాత మేడం తీసేసిన ఒక్క లైను

నిన్న మా ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్ డబ్బా విప్పాం. లోపలి నుంచి బూడిదరంగు పొడి లేచి ముక్కుకు తగిలింది. తడిసిన సున్నంలాంటి ఆ వాసన నాకు కొత్త కాదు. తాండూరులో రాయి పాలిష్ పట్టే యూనిట్ల కంప్యూటర్లన్నీ అదే వాసన వేసేవి. డిగ్రీ అయ్యాక పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, వాటిని బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాను. ఆ దుకాణం సుజాత మేడంది. ఆమె ఇప్పుడు లేరు. పోలీసు కేసుల్లోని కంప్యూటర్లను పరీక్షించే ఈ ఉద్యోగానికి నన్ను తయారుచేసింది మాత్రం ఆమే.

"సిస్టం మస్తు స్లో అయింది మేడం" అంటూ యూనిట్లవాళ్లు వస్తుండేవారు. చెత్త ఎక్కడెక్కడ పేరుకుంటుందో చేత్తో వెతికి విసిగిపోయి, మేడం సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నారు. చూసిన వెబ్‌సైట్ల గుర్తులు, తెరిచిన ఫోటోల చిన్న నకళ్లు, అక్కర తీరిన ఫైళ్లు, అన్నింటినీ అది వెతికి తుడిచేసేది. ఒకరోజు నేను దాన్ని నడపబోతుంటే ఆపారు.

"తుడిచే ముందు జర చూడు పద్మా. మనిషి పొద్దంత ఏం చేసిండో మొత్తం గిండ్లనే ఉంటది."

ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు వికారాబాద్‌లో తెలిసింది. అక్కడొక ప్రైవేటు కాలేజీలో ఎవరో శిరీష అనే అమ్మాయి ఫోటోను బూతు ఫోటోగా మార్చి, ఆమె పేరుతోనే దొంగ ఖాతా తెరిచి అందరికీ పంపారు. ఆ అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది. అది పంపింది కాలేజీ కంప్యూటర్ల నుంచేనని తేలడంతో, మోమిన్‌పేట్ నుంచి వచ్చే ల్యాబ్ అసిస్టెంట్ సలీం మీద అనుమానం పడింది. ఆ కంప్యూటర్లకు రిపేర్లు చేసేది మేడమే కాబట్టి ప్రిన్సిపాల్ ఆమెను పిలిపించారు. మేం వెళ్లేసరికి సలీం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అందరు నన్నే అంటున్నరు మేడం. మా అమ్మీ అన్నం తింటలేదు. నేను చెయ్యలే."

"నువ్వు చేసినవనీ అంటలే, చెయ్యలేదనీ అంటలే. అండ్ల ఏముంటే గదే రాస్త" అన్నారు మేడం.

అసలు డిస్కులను తెరిస్తే వాటిలోని గుర్తులు మారిపోతాయని ముందు నకళ్లు తీశారు. తర్వాత తన ప్రోగ్రామ్‌లో తుడిచే లైను తీసేసి, దొరికిన ప్రతి గుర్తునూ సమయంతో సహా వరుసగా రాసే లైను పెట్టారు. వెతికే చోట్లు అవే. పని మాత్రం తలకిందులైంది.

మర్నాడు దుకాణంలో ఫలితం చూశాం. ఫోటో మార్చిన గుర్తు ఉంది, దొంగ ఖాతా తెరిచిన గుర్తు ఉంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కొద్ది నిమిషాల్లో, అదే కంప్యూటర్‌లో ఒకడు తన సొంత మెయిల్ చూసుకున్నాడు. పేరు హర్ష. మేడం అక్క విజయమ్మ కొడుకు, ఆ కాలేజీలోనే చదువుతున్నాడు. సెలవుల్లో మా దుకాణంలోనే కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్న కుర్రాడు.

మేడం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. ఇంకో నకలు మీద మళ్లీ నడిపారు. అదే పేరు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, "వాడు మా అక్క కొడుకు. నా ఒక్కదాని మాట మీద పోకుండ్రి. డిస్కులు పోలీసులకు ఇయ్యుండ్రి, వాళ్లు గూడ చూసుకుంటరు" అన్నారు.

కాలేజీ నుంచి సంగతి తెలిసి, సాయంత్రానికి విజయమ్మ ఏడుస్తూ వచ్చింది.

"నీ దగ్గర తుడిచేది ఉన్నది గదా. పోలీసులొచ్చే లోపల కాలేజీకి పోయి ఒక్కసారి నడిపియ్యి చెల్లె. పోరని బతుకు ఖరాబైతది."

"తుడుస్తే సలీం బతుకేం గావాలె అక్కా? గా పిల్ల బతుకేం గావాలె?"

"నా కొడుకుకన్న వాళ్లెక్కువనా నీకు?"

"ఎక్కువ గాదు. తక్కువ గూడ గాదు."

విజయమ్మ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పోలీసుల పరీక్షలోనూ అదే తేలింది. హర్ష ఒప్పుకున్నాడు. కాలేజీ నుంచి తీసేశారు, కేసు నడిచింది. సలీం ఉద్యోగం నిలిచింది. శిరీష తిరిగొచ్చి పరీక్షలు రాసింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను నేను. కానీ మేడం ప్రతి వాయిదాకూ దుకాణం నాకప్పగించి కోర్టుకు వెళ్లేవారు. అక్క పలకరించకపోయినా వెళ్లి హర్ష పక్కనే కూర్చునేవారట. పలకరించనివాళ్ల దగ్గరికి ఎందుకు పోతున్నారని ఒకసారి అడిగాను.

"నిజం చెప్పింది నేనే గద పద్మా. పక్కన కూసునేది గూడ నేనే గావాలె" అన్నారు.

ఇప్పుడు కోర్టుల్లో సాక్ష్యం చెప్పడం నాకు అలవాటైన పని. చెప్పాక వెంటనే బయటికి వచ్చేయను. నేరం మోపబడినవాడి తల్లో, భార్యో ఎక్కడున్నారో వెతుక్కుంటాను. వాళ్లతో నేను మాట్లాడగలిగిందేమీ ఉండదు. వాళ్లు నావైపు చూసినప్పుడు తల మాత్రం తిప్పుకోను.