గురవాచారి చూపించిన రాయి

మా తాత గురవాచారి ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఒంటేలుకు పోయొస్తే తలమీద నీళ్లు పోసుకోకుండా మళ్లీ ఉలి ముట్టడం ఆయన ఇంటా వంటా లేదు. రోజుకు అన్ని స్నానాలు ఎవరు చేస్తారు? అందుకే పొద్దు వాలేదాకా నీళ్లు తాగకుండా ఉండే ఉపాయం కనిపెట్టాడు. ఆ ఉపాయమే మూత్రపిండంలో రాయై కూర్చుంది.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో నొప్పికి మెలికలు తిరుగుతుంటే హైదరాబాదు తీసుకుపోయారు. కోత లేకుండా, బయటినుంచే దెబ్బలు పంపి లోపలి రాయిని పగలగొట్టే మిషన్ అప్పుడే కొత్తగా వచ్చింది. రాయి పగిలింది. ముక్కల్ని బయటికి తోసేది మాత్రం నీళ్లేనని అక్కడి డాక్టర్లు చెప్పారు. బాగా తాగాలి, నడవాలి, ఒంటేలు గుడ్డలో వడగట్టి, పడిన ముక్కల్ని నంద్యాల డాక్టరుకు చూపించాలి. ముక్కలు దిగకపోతే కోయాల్సిందే.

కోతంటే తాతకు చచ్చేంత భయం. అయినా ఇంటికొచ్చేసరికి సగం చెక్కిన అమ్మవారు కనిపించింది. పైగా కోడళ్లు తిరిగే పెరట్లో గుడ్డ పట్టుకొని నిలబడడమా! అవ్వ పద్మమ్మ చెంబు తెచ్చిపెట్టి అటు తిరగగానే, ఆ నీళ్లు రాయి మీద పోసి నునుపు రుద్దేవాడు. తాత తాగాల్సిన నీళ్లన్నీ అమ్మవారే తాగింది.

నంద్యాల పోయే రోజుకు గుడ్డ పొడిగానే ఉంది. తాత తన ఉలి కింద రాలిన పెచ్చుల్లో గింజంత ముక్క ఏరి, కాగితంలో చుట్టుకొని బస్సెక్కాడు.

"నీళ్లు తాగుతాండావా ఆచారీ?" అన్నాడు డాక్టర్ ఆనందరావు.

"చెంబులకు చెంబులు సార్."

"నేనే పోస్తాండా సార్," అంది అవ్వ గర్వంగా.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూశాడు. "ముక్కలన్నీ దారిలో ఈడనే ఇరుక్కోనుండాయే. మరి ఇదేందప్పా?" అని తాత ఇచ్చిన కాగితం విప్పాడు.

అవ్వ ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. ఆ పెచ్చుల్ని రోజూ ఊడ్చేది ఆమే. "ఇది మన అమ్మవారి రాయి గదయ్యా! నేను పోసిన నీళ్లు ఏం జేసినావ్?"

తాత పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. ఎండలో దొరికిన దొంగకైనా ఇంత చెమట పట్టదు.

డాక్టరు నవ్వలేదు. "ఇంగొక్కసారి చూస్తా. దిగకపోతే కోతే," అన్నాడు.

మరునాటినుంచి అవ్వ బిందె పక్కన పెట్టుకొని తాత విగ్రహాలు చెక్కే కొట్టంలోనే కూర్చుంది. తాత తాగేదాకా కదిలేది కాదు. పెరట్లోకి పోయొచ్చిన ప్రతిసారీ నెత్తిన చెంబులు కుమ్మరించేది. "అత్తా, మామకు మళ్లా అభిషేకమా?" అని కోడళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. తడిసిన పిల్లిలా తాత తలొంచుకొని ఉలి పట్టేవాడు. కొన్నాళ్లకు ప్రాణం పోయేంత నొప్పి వచ్చింది. గుడ్డలో మట్టిరంగు నూకలు పడ్డాయి.

కొత్త ఎక్స్‌రేలో దారి ఖాళీగా ఉంది. డాక్టరు గుడ్డమూట విప్పి, "ఈసారి యాడి రాళ్లప్పా ఇవి?" అన్నాడు.

"నావే సార్," అన్నాడు తాత, వినీవినపడకుండా.

"నిజమే సార్, పడేటప్పుడు నేను పక్కనే నిలబడి చూసినా," అని అవ్వ బయట వరుసలో కూర్చున్న రోగులందరికీ వినిపించేలా సాక్ష్యం చెప్పింది.

కోత తప్పినందుకు తాత సంతోషించాడో లేదో ఎవరికీ తెలియదు. ఆళ్లగడ్డ బస్సు దిగేదాకా ఆయన తల పైకెత్తితే కదా!