వెనక్కి చూసే మనిషి

పోయిన వారం మా ఊరి యాత్ర కమిటీవాళ్లు ఫోన్ చేసి, పడవలన్నీ కట్టగట్టుకుని సముద్రం మీద వెళ్లడంలో మంచి ఎంత, చెడ్డ ఎంత అన్నది ఒక కాగితం మీద రాసిపెట్టమన్నారు. ఈ ఏడాది పడవలు నలభై దాటేలా ఉన్నాయట. అందరం కలిసే వెళ్దామని కొందరు, పది పది చొప్పున విడిపోదామని కొందరు, ఊరు రెండుగా చీలిందట. ముప్ఫై ఏళ్లు పిల్లలచేత వ్యాసాలు రాయించిన పాపానికి ఈ పని నా నెత్తిన పడింది. మంచి గురించి ఒకటిన్నర పేజీ ఇట్టే రాసేశాను. చెడ్డ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ విషయం అడగడానికి వాళ్లకి ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా అనిపించింది.

మాది ఉద్దానం, కొబ్బరీ జీడీ తోటల సంసారం. సముద్రం మా తోట గట్టుకి కూతవేటు దూరం. అయినా మావాళ్లకి సముద్రమంటే హోరు వినడమే తప్ప మోకాళ్లు దాటి దిగడం తెలియదు. మా నాన్న డెబ్భై ఏళ్లు ఆ హోరులోనే నిద్రపోయి, ఒక్కసారి కూడా పడవ ఎక్కకుండానే పోయాడు. పడవలు పక్కనున్న జాలరి పేటవాళ్లవి, చెట్లు మావి. ఏటా గంగమ్మ తల్లికి మొక్కు చెల్లించడానికి పేట నుంచి మూడో నాలుగో పడవలు ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లి, ఆ ఇసుకలో పూజ చేసుకుని, వండుకు తిని వచ్చేవి. మేం కొబ్బరికాయలు పంపించి ఊరుకునేవాళ్లం. పెద్ద తుపాను వచ్చి మా చెట్లనీ వాళ్ల పడవలనీ ఒక్క పూటలో తుడిచిపెట్టాక, ఇకమీదట ఊరూ పేటా కలిసే వెళ్లాలని పెద్దలు అనుకున్నారు. అలా మూడు పడవల మొక్కు ముప్ఫై పడవల యాత్ర అయింది.

ముప్ఫై అయ్యేసరికి కమిటీ పుట్టింది. కమిటీ పుట్టాక పసుపు రంగు టీషర్టులు, మైకు, పడవ పడవకీ నెంబరూ వచ్చాయి. ఎనిమిదో నెంబరు మాకొద్దంటే మాకొద్దని గంటసేపు కొట్టుకుని, చివరికి దానికి ఏడు-ఎ అని పేరు పెట్టారు. ఒకాయన పులిహోర క్యారేజీ ఇంట్లో మరిచిపోతే ముప్ఫై పడవలూ ఇంజిన్లు ఆపుకుని ఆయన కోసం కాసుకున్నాయి. అన్నీ చెప్పినా, గుంపులో ఉన్న ధైర్యం ఇంకెక్కడా లేదు. మాలాంటి మెట్టవాడికి కడుపులో తిప్పితే నాలుగు పడవల నుంచి నాలుగు నిమ్మకాయలు వచ్చి పడేవి. ఒక ఇంజిన్ దగ్గితే రెండు వైపుల నుంచీ తాళ్లు విసిరేవారు. ఆ ధైర్యం చూసే ఆరేళ్ల కిందట మా అక్క కూడా వస్తానంది.

అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఇంటికొకరికి ఉన్న జబ్బు కనక, ఆ మాట చెబితే ఎలా అని ఎవరూ అడగరు, ఎప్పటినుంచని అడుగుతారు. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకునేది. రోజు మొత్తానికి ఒక చిన్న సీసా నీళ్లే తాగాలి. "ఇన్నేళ్లొచ్చినాయి, సంద్రం మీంచి మన తోట ఎలాగుంటాదో సూడ్లేదురా" అంది. డయాలసిస్ లేని రోజు చూసుకుని బయల్దేరదీశాం. కుదుపు తక్కువని పడవ మావ పడవలో కూర్చోబెట్టాను. పడవ మావ మాకు చుట్టం కాదు. నాకంటే ఐదారేళ్లు పెద్ద, చిన్నప్పటినుంచీ మా ఇంటికి చేపలు తెచ్చి కొబ్బరికాయలు పట్టుకెళ్లేవాడు, అలా మావ అయిపోయాడు. వరసలో అందరికన్నా వెనక పడవ ఆయనది, అందులో వాళ్లిద్దరే. వెనక పడవ ఇవ్వడమంటే పేటలో పెద్ద గౌరవం. ముందు పడవ ఎవడైనా తోలగలడుగానీ, అందరినీ కాసుకుంటూ వెనక రావడం పనిమంతుడికే చాతనవునని వాళ్ల లెక్క.

ఇంత గుంపుకీ పేటవాళ్లు పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ప్రతి పడవలోనూ ఒక మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలి. వాడికి వేరే పని ఉండదు. తన వెనక పడవని చూస్తూ ఉండాలి, అందులో తెడ్డు పైకి లేస్తే తన పడవ ఆపించాలి. ఎవడి వెనక పడవని వాడు చూసుకుంటే ముప్ఫయ్యీ లెక్కపెట్టే పనే లేదు. ఇంకే పనీ రాదు కనక ఆ కొలువు మా తోటలవాళ్లకి ఇచ్చేవారు. ఆ రోజు నేను ఇరవై తొమ్మిదో పడవలో ఉన్నాను. నేను చూడవలసింది అక్క కూర్చున్న పడవనే.

కాసేపు చూశాను, అబద్ధమెందుకు. అక్క ఒకసారి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. అయితే మొగ దగ్గర పూజ కాగానే మైకులో మాట్లాడవలసింది కూడా నేనే, ఐకమత్యం మీద. జేబులో నాలుగు పేజీలు రాసుకున్నాను. వెనక్కి తిరిగి చదువుతుంటే కళ్లు తిరిగాయి. ఒక్క పేజీ చూసుకుందామని ముందుకి తిరిగాను. ఒక పేజీ నాలుగు పేజీలైంది. తరవాత ముందు పడవల్లో డప్పులు మొదలయ్యాయి, పడవలో అందరితోపాటు నేనూ అవి చూస్తూ ఉండిపోయాను. ఒడ్డు చేరాం, పూజయింది, మైకు అందుకున్నాను. ముప్ఫై పడవలకీ ఒకటే ప్రాణమని గొంతెత్తి చెప్పాను. చప్పట్లు మోగాయి. అక్క ఎక్కడ కూర్చుని వింటోందోనని అప్పుడు వెతికాను. ఇసుక మీద ఇరవై తొమ్మిది పడవలే ఉన్నాయి.

వాళ్లు దొరికేసరికి రెండు గంటలు దాటింది. ఇంజిన్ ఫ్యానుకి ఎవరిదో తెగిన వల చుట్టుకుంది. మావ కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగి ఒక్కో పోగే కోస్తున్నాడు. అక్కడ ఫోన్లు పలకవు. అక్క నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, నాలుక పిడచకట్టుకుపోయి కూర్చుని ఉంది. పక్కన బిందెడు నీళ్లున్నా, తన సీసా అయిపోయాక గుక్క ముట్టలేదట. ఎండదెబ్బకి సాయంత్రానికి ఆయాసం మొదలైంది. పలాస ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. బతికింది. మంచం పక్కన కూర్చుని తప్పు నాదేనని చెప్పబోతే, కాసిని మంచినీళ్లతో పెదాలు తడపమని మాట మార్చేసింది.

ఆ తరవాత పంచాయితీ పెట్టారు. తెడ్డు ఎత్తానని, దానికి ఎర్ర తువ్వాలు కట్టి మరీ ఊపానని మావ చెప్పాడు. పెద్దలు నా వైపు తిరిగారు. చూస్తూనే ఉన్నాను, తెడ్డు లేవలేదు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది. బడిలో అబద్ధమాడిన పిల్లాణ్ణి బెంచీ ఎక్కించినవాణ్ణి. అక్కని అడిగితే, తను పడుకున్నానని, ఏమీ చూడలేదని చెప్పింది. తల దించుకునే చెప్పింది. మేస్టారు అబద్ధమాడడు గనక తప్పు మావదేనని తేల్చి, ఆయన పడవని యాత్ర నుంచి తప్పించారు. చేపల వేటకి కూడా ఆయనతో జతకట్టడం మానేశారు. ఆయన ఎదురు చెప్పలేదు. అప్పట్నుంచీ ఒక్కడే వెళ్తున్నాడు. అక్క మరో మూడేళ్లుండి పోయింది. మా ఇద్దరి మధ్యా ఆ ఊసు మళ్లీ రాలేదు. నేను ఏటా యాత్రకి వెళ్లాను, ఏటా ఉపన్యాసం ఇచ్చాను.

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి లేస్తుంటే మావ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిస్తే తిరిగి గుంపులో కలుపుకుంటామని కమిటీవాళ్లు అన్నారట.

"నువ్వయితే పద్ధతిగా రాత్తావు మేస్టారూ. తెడ్డు ఎత్తనేదు, తప్పు నాదేనని రాసీ. ఒంటిగా ఎల్లనేకపోతన్నాను. ఇంజినాగిపోతే కేకెయ్యడానికి ఎవుడూ ఉండడు."

తెడ్డు ఎత్తావు కదా మావా అన్నాను.

"ఎత్తినాను. నీ ఈపు అగుపడతానే ఉంది. అక్క నిన్ను కేకేసి కేకేసి గొంతు రాసిపోనాది. ఆస్పటల్లో నా సెయ్యట్టుకుని, మావోడి మాట పోతే మరి లెగనేడు, ఆడు ఇటు సూడనేదని సెప్పొద్దంది. ఒప్పుకున్నాను, పంచాయితీలో తెడ్డు మాటే గానీ నీ ఈపు మాట ఎత్తనేదు. మరేటి సేత్తాం?"

ఆరేళ్లుగా తెలిసి కూడా ఈ మనిషి దారిలో ఎదురైతే నవ్వి పలకరించాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన ముందే ఏడ్చాను. తరవాత కలం తీసుకుని జరిగింది జరిగినట్టు రాసి, కింద నా సంతకం పెట్టి, ఆయనకి చదివి వినిపించాను. సంతోషిస్తాడనుకున్నాను. ముఖం ముడుచుకున్నాడు.

"ఇది సదివితే మీ అక్క అబద్ధమాడినట్టు తెలిసిపోదా? సచ్చిపోయిన మడిసిని ఎందుకు తెత్తావు?"

నా కోసమే ఆడిందని కూడా అందులో ఉందని చూపించాను. ఆ ముక్క ఇంకోసారి చదివించుకున్నాడు. చివరికి, "మరైతే నాకు అందరికన్నా ఎనక పడవే ఇమ్మని రాయి" అన్నాడు. రాశాను.

రేపు ఉదయం కమిటీ ముందు ఆ కాగితం నేనే చదువుతాను. రేపటినుంచి ఊళ్లో నన్ను ఎవరు ఏమని పిలుస్తారో తెలియదు. చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల పనికి నేను ఆరేళ్లు తీసుకున్నాను, ఆ ఆరేళ్లూ సముద్రం మీద ఒంటరిగా గడిపింది మాత్రం ఆయన.