మదర్‌బోర్డుకు వాహన పూజ

ఆ రోజుల్లో, అంటే నా యౌవనంలో, పాతబస్తీ మొత్తానికి కంప్యూటర్ విప్పి మళ్ళీ బిగించగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. (యౌవనం అన్నానని లెక్కలు వెయ్యకండి. నాకది అరవై ఒకటో ఏట, సిటీ బస్సు స్టీరింగ్ వదిలి పింఛను పుచ్చుకున్నాక వచ్చింది. అంతకు ముందు తీరికెక్కడిది?) ముసలిదైపోయిన గేమింగ్ కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసరూ, కొత్త మదర్‌బోర్డూ ఒక్క గంటలో, ఎవరి సాయమూ లేకుండా, చెమట చుక్క రాలకుండా ఎక్కించాను. ఇప్పటికీ జహనుమాలో మా గల్లీలో ఆ సంగతి చెప్పుకుంటారు. చెప్పేది ఎక్కువగా నేనే అనుకోండి.

ఆ కంప్యూటర్ మా అల్లుడు వాడి వాడి వదిలేసింది. అందులో నేను బస్సు నడిపే ఆట ఆడేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు రోడ్డు మీద నడిపింది చాలలేదా, ఇంట్లో కూడా బస్సేనా అని మా ఆవిడ మొత్తుకునేది. కానీ ఈ బస్సుకు కండక్టర్ కూడా ఉన్నాడు. నాతో ఇరవై ఏళ్ళు ఒకే బండి మీద డ్యూటీ చేసిన పాత మిత్రుడే. డిపోలో అందరూ ఆయన్ని 'రైట్ రైట్' అనే పిలిచేవారు. ఇప్పుడు వరంగల్‌లో కూతురింట్లో, మోకాళ్ళు పట్టేసి మంచం మీద ఉన్నాడు. సాయంత్రం ఐదింటికి వీడియో కాల్ కలిపి ఫోన్‌ను తెరవైపు నిలబెడితే, అక్కణ్ణుంచే స్టాపులు అరిచేవాడు. ఆటలో ఉన్నది ఏదో మంచు కురిసే దేశపు ఊరు. అయినా మా పాత రూటు లెక్కన అక్కడి చర్చి ఉస్మాన్‌గంజ్ అనీ, నది మీది వంతెన నయాపూల్ అనీ, చివరి స్టాపు జహనుమా అనీ మేమిద్దరం ఖాయం చేసుకున్నాం.

అంతలో ఆ ఆటను ఎవరో కొత్తగా తీర్చిదిద్దారు. రోడ్ల నిండా జనం, వాన, సిగ్నళ్ళు. అది మొయ్యలేక నా కంప్యూటర్ ప్రతి మలుపులోనూ బిగుసుకుపోయేది. "అన్నా, డీజిల్ కొట్టించినవా లేదా?" అని వరంగల్ నుంచి వెటకారం. చివరికి ఒకరోజు ఆట అసలు తెరుచుకోనే లేదు. అదే వారం ఆయన కూతురు ఫోన్ చేసింది. "పెద్దబాపూ, సోమవారం మోకాలి ఆపరేషన్. బాపేమో పోనంటున్నడు. మీరే జెర చెప్పండ్రి." ఫోన్ ఆయనకిమ్మన్నాను. "భయమైతుందన్నా," అన్నాడు గొంతు తగ్గించి. ఇరవై ఏళ్ళలో ఆయన నోట నేనా మాట వినలేదు. "ఒక్క ట్రిప్ కొడ్దాం. మొదటి స్టాపు నుంచి ఆఖరిదాక, నడుమ ఆగొద్దు. గప్పుడు పోత దవాఖానకు," అన్నాడు. ఆ రోజు గురువారం.

నయాపూల్ దగ్గర ఇరుకు మెట్లెక్కి, వాడిన కంప్యూటర్ సామాన్లు అమ్మే దుకాణానికి పోయాను. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలనుకున్నాను. దుకాణం భాయ్ నేను విప్పి తెచ్చిన పాత బోర్డును అటూ ఇటూ తిప్పి, "చాచా, దీంట్ల కొత్త ప్రాసెసర్ కూసోదు. బోర్డ్ గూడ మార్చాలె," అన్నాడు. సరే అన్నాను. "బోర్డ్ మారిస్తే ర్యామ్ గూడ మార్చాలె." "ఇగ నన్ను గూడ మార్చమంటవా భాయ్?" అన్నాను. నవ్వి, ఎవరో వాడి అమ్ముకున్న మూడింటినీ వెతికి, నా జేబుకు తగ్గట్టు సర్దాడు. గ్రాఫిక్స్ కార్డు, డబ్బా, పవర్ సప్లై పాతవే ఉండనిమ్మన్నాడు. బాడీ ఉంచి ఇంజను మార్చడమన్నమాట, అది నాకు తెలిసిన విద్యే. ప్రాసెసర్ అడుగున వందల కొద్దీ సన్నని పసిడిరంగు పిన్నులున్నాయి. "పిన్ వంగితే వాపస్ లేదు చాచా. గిసొంటిది ఇంకో పీస్ గూడ లేదు," అని రెండుసార్లు చెప్పి మరీ చేతికిచ్చాడు.

ఇక్కడ చిన్న దిద్దుబాటు. ఒక్క గంట అన్నాను గానీ, రెండు రోజులు పట్టింది. మొదటి రోజును నా భక్తి మింగేసింది. కొత్త బండి చేతికొస్తే పూజ చెయ్యకుండా సెల్ఫ్ కొట్టే డ్రైవర్‌ను కాను నేను. పీట వేసి, బోర్డునూ ప్రాసెసర్‌నూ దాని మీద పెట్టి, అగరుబత్తి వెలిగించి, నిమ్మకాయ కోశాను. (కింద పెట్టడానికి చక్రాలు లేవు గనక కంప్యూటర్ ఫ్యాన్ ముందు పెట్టాను.) బోర్డు అట్టపెట్టెకు పసుపు రాసి ఊరుకున్నాను, అంతవరకు బుద్ధి పనిచేసింది. ప్రాసెసర్ వంతు వచ్చేసరికి ముప్ఫై ఏళ్ళ అలవాటు చేతిలోకి దిగింది. బస్సు నుదుటికి బొట్టు పెట్టాలంటే బొటనవేలితో గట్టిగా అదమాలి, లేకపోతే దుమ్ము మీద నిలవదు. అదిమాను. అడుగున టిక్కుమంది.

తిప్పి చూస్తే ఒక మూల పిన్నులన్నీ, సడన్ బ్రేక్ కొట్టినప్పుడు నిలబడ్డ ప్రయాణికుల్లా, ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి.

మా ఆవిడ లాడ్‌బజార్ గాజులకు ఇంట్లోనే రాళ్ళు అతికిస్తుంది. చేతిలో గాజుతోనే వచ్చి, "ఏందయ్యా, గట్ల కూసున్నవు? దేవుడేమన్న పలికిండా?" అంది. చూపించాను.

"దీనికి బొట్టెవడు పెట్టమన్నడు?"

"కొత్త బండి కదనే."

"బండంటే ఇనుము. గిది నా రాళ్ళకన్న సున్నితముంది. గిట్ల అదుముతరా ఎవరన్న?"

సోమవారం ఆపరేషన్ సంగతీ, 'రైట్ రైట్' అడిగిన ట్రిప్ మాటా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, రాళ్ళు పట్టే సన్నని చిమ్టా తెచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క పిన్నునూ నిలబెట్టింది. నేను మీదికి వంగితే, "ఊపిరి పక్కకు వదులు," అంది. వదిలాను. చెమటను మాత్రం పక్కకు వదలడం నా చేత కాలేదు.

మర్నాడు ప్రాసెసర్ ఏ బలమూ పెట్టకుండానే తన చోట్లో దిగింది. తక్కిన బిగింపులన్నీ మా అల్లుడు ఫోన్‌లో చెబుతుంటే చేశాను. (ఎవరి సాయమూ లేదన్నానా? అప్పుడు పరధ్యానంగా ఉన్నాను.) మీట నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర వెలిగింది.

ఆదివారం ఐదింటికి బండి తీశాం. ఉస్మాన్‌గంజ్‌లో జనం ఎక్కారు, వాన మొదలైంది, బస్సు ఎక్కడా బిగుసుకోలేదు. "నయాపూల్, నయాపూల్. దిగేటోళ్ళు ముందరికి రాండ్రి," అని మంచం మీంచి ఆయన గొంతు ఖంగుమంది. చివరి స్టాపులో బ్రేకు వేశాను. "మస్తు నడిపినవన్నా. ఇగ పొద్దుగాల పోత," అన్నాడు. నా పనితనానికి ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి, పాపం. ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తాడు. ఒక ఆటబస్సు కోసం అంత వణికిన ఆ అరవై ఒక్కేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. కాస్త ముద్దు కూడా వస్తాడు.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. రాయి అతికిస్తూ తలెత్తకుండానే విన్నది.

"గాయనెందుకు ఏడుస్తడు?" అంది. "గాయన నవ్వుకుంట దవాఖాన సంచి సదురుమన్నడు బిడ్డను. ఏడ్సింది నువ్వు. నా కొంగుకే ముక్కు తుడుసుకున్నవు. గది రాయి."