రంగు మారిన చేప కోసం ఫ్లోరిడా

1984 వేసవిలో మేం ఫ్లోరిడా వెళ్లడానికి కారణం ఒక ప్రార్థన. అమెరికా ఉత్తరాన నోవైలో మా ఇంట్లో ఉప్పునీటి తొట్టె ఉండేది. అందులో మా ఆవిడ మేరీ ఒక క్వీన్ ఏంజెల్ చేపపిల్లను పెంచింది. ముదురు నీలం ఒంటిమీద లేతనీలం చారలు. ఏడాది తిరిగేసరికి చారలు పోయి, ఒళ్లు పసుపు తిరిగి, నుదుట కిరీటంలాంటి మచ్చ వచ్చింది.

"పాతది చచ్చిపోతే కొత్తది తెచ్చి పెట్టారు కదూ?" అంది మేరీ. అంతకుముందు గోల్డ్‌ఫిష్ విషయంలోనూ ఇలాగే అనుమానించింది. పెద్దయ్యాక ఈ జాతి రంగు మారుతుందంటే వినదే! ఆదివారం తెలుగు ఆరాధనలో ప్రార్థన మనవులు అడగ్గానే లేచి, "చేప విషయంలో మా ఆయన నిజం ఒప్పుకునేలా ప్రార్థించండి" అంది. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థించారు. నేనూ ఆమెన్ అన్నాను. తల కొట్టేసినట్లయింది.

ఈ చేపలుండే ఫ్లోరిడా సముద్రానికే తీసుకెళ్లి, రంగు మారడం కళ్లారా చూపిస్తానన్నాను. గురువారం తెల్లవారుజామున ఐదింటికి పులిహోరతో కార్‌లో బయల్దేరాం. ఒహాయో దాటేదాకా మేరీ పులిహోర డబ్బా మూత తియ్యలేదు. చీకటి పడేసరికి జార్జియాలో మోటెల్ దొరికింది. శుక్రవారమంతా ఫ్లోరిడాయే. ఆ రాష్ట్రం ఒక పట్టాన అయిపోదు.

శనివారం తొమ్మిదింటికి దక్షిణ కొసనున్న కీ లార్గో దీవిలో, అడుగున అద్దమున్న పడవ ఎక్కాం. వెళ్లేవాళ్లు వాంతుల మాత్ర ముందే వేసుకోండి. నేను వేసుకోలేదు. పగడాల దిబ్బ చేరేసరికి పడవ అంచు పట్టుకుని వేలాడుతున్నాను.

"ఏవండీ! త్వరగా రండి! ఇది సగం సగం ఉంది!"

వెళ్లి చూశాను. పగడాల మధ్య అరచెయ్యంత చేప. ఒళ్లు పసుపు తిరిగింది, నుదుట మచ్చ వచ్చింది, పక్కల పిల్లచారలు ఇంకా పోలేదు. నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న అమెరికన్ పెద్దావిడ, వాంతుల వల్ల అనుకుని, టిష్యూ ఇచ్చింది.

ఆదివారం పొద్దున ఆరింటికి తిరుగు ప్రయాణం. మేరీ దారి పొడుగునా నారింజపళ్లు ఒలిచి పెట్టింది. "సారీ అండీ. వచ్చే వారం చర్చ్‌లో నేనే సాక్ష్యం చెప్తా, మా ఆయన అబద్ధం ఆడలేదని. పాపం, ఆ గోల్డ్‌ఫిష్ అప్పుడు కూడా మిమ్మల్ని ఊరికే అనుమానించాను."

గోల్డ్‌ఫిష్ నిజంగానే చచ్చిపోయింది. మేరీ ఆస్పత్రిలో ఉంటే, ఇంటికొచ్చి ఏడుస్తుందని ఇంకోటి తెచ్చి పెట్టాను. సోమవారం కెంటకీ అంతా ఆలోచించాను. ఒహాయోలో చెప్పేశాను.

మేరీ చేతిలో ఉన్న నారింజ తొక్క ఆఖరుదాకా ఒలిచింది.

"ప్రార్థన ఫలించింది" అని, ఒలిచిన నారింజ తనే తినేసింది.